నేవీ, కోస్ట్‌గార్డ్ ఓడ వల్ల బోటుకో వలకో నష్టం జరిగితే పరిహారం క్లెయిమ్ ఎలా నడపాలి?

గుంటూరు_ఖాతాలు:

అందరికీ నమస్కారం. నిజాంపట్నం, సూర్యలంక, వాడరేవు వైపు మెకనైజ్డ్ బోట్ల యజమానులకు గుంటూరు నుంచి లెక్కలు, లైసెన్సు కాగితాలు చూస్తుంటాను. వ్యాపార ఓడ వచ్చి బోటును గుద్దితే ఏం చెయ్యాలో కొంత తెలుసు. ఆ ఓడ పేరు పట్టుకుని హైకోర్టులో అడ్మిరాల్టీ దావా (సముద్ర ఓడల వివాదాల దావా) వేస్తే, డబ్బు కట్టేదాకా ఓడను రేవులోనే ఆపించవచ్చు. అదే ఓడ రక్షణ దళాలది అయితే దారి ఏమిటి? ఎవరిని ప్రతివాదిగా చూపాలి, నోటీసు ఎవరికి, ఎంతకాలం లోపు, పోయిన వలకూ ఆగిపోయిన వేటకూ లెక్క ఎలా కట్టాలి? "మిలిటరీ మీద కేసు నిలవదు" అని హార్బర్‌లో గట్టిగా అనుకుంటున్నారు, అది నిజమేనా? ఏ ఒక్క ఘటన గురించో అడగడం లేదు. యజమానులందరికీ తెలుగులో ఒక కాగితం రాసి ఇద్దామని అడుగుతున్నాను.

బెజవాడ_సివిల్‌సైడు:

ముందు ఆ చివరి మాట సంగతి చూద్దాం. కేసు నిలవదన్నది తప్పు. కాకపోతే వ్యాపార ఓడ మీద నడిచే దారి ఇక్కడ నడవదు.

2017 అడ్మిరాల్టీ చట్టం (2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది) మొదటి సెక్షన్‌లోనే యుద్ధనౌకలనూ, వాటికి సహాయంగా తిరిగే ఓడలనూ, ప్రభుత్వం వ్యాపారేతర పనికి వాడే ఓడలనూ మినహాయించింది. కాబట్టి ఓడను అరెస్టు చేయించడమన్న మాటే లేదు. మిగిలింది మామూలు సివిల్ దావా. రాజ్యాంగం 300వ అధికరణం ప్రకారం కేంద్రం మీద దావా వెయ్యొచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 79 ప్రకారం ప్రతివాది పేరు 'యూనియన్ ఆఫ్ ఇండియా'. ఓడ పేరునో, కమాండింగ్ ఆఫీసర్ పేరునో, 'ఇండియన్ నేవీ'నో ఒక్కదాన్నే ప్రతివాదిగా పెట్టి వేసిన దావా మొదటి వాయిదాలోనే ఇరుక్కుంటుంది. కోస్ట్‌గార్డ్ కూడా రక్షణ మంత్రిత్వ శాఖ కిందిదే, కనుక ఇద్దరికీ పద్ధతి ఒకటే.

సార్వభౌమాధికారం అనే వాదన ప్రభుత్వం తప్పకుండా తెస్తుంది. దీని మూలం పీ అండ్ ఓ అనే స్టీమర్ కంపెనీ వేసిన 1861 నాటి కేసు. కలకత్తా కిద్దర్‌పూర్ డాక్‌యార్డ్‌లో స్టీమర్ కోసం ఇనుప సామాను మోస్తున్న ప్రభుత్వ కూలీల నిర్లక్ష్యంతో ఆ కంపెనీ గుర్రానికి దెబ్బ తగిలింది. అందులో ప్రభుత్వమే ఓడిపోయింది. ఆ తీర్పులో సార్వభౌమ పనులు, మామూలు పనులు అని చేసిన తేడాను మాత్రం తర్వాతివాళ్లు పట్టుకున్నారు. 1962 విద్యావతి కేసులో కలెక్టర్ జీపు ప్రమాదానికి రాజస్థాన్ ప్రభుత్వం డబ్బు కట్టాల్సి వచ్చింది. 1965 కస్తూరీలాల్ కేసులో పోలీసుల దగ్గర పోయిన బంగారానికి ప్రభుత్వం బాధ్యత తప్పించుకుంది. 1994లో మన రాష్ట్రం నుంచే వెళ్లిన నాగేంద్రరావు కేసులో సుప్రీంకోర్టు ఈ రక్షణను బాగా కుదించింది.

మీ కాగితంలో ఇలా రాయండి: యుద్ధం చెయ్యడం, శత్రువును వెంటాడటం సార్వభౌమ పని. రేవు నుంచి రేవుకు వెళ్తూ కాపలా సరిగా పెట్టక వల తొక్కేయడం నావిక నిర్లక్ష్యం. ఓడ మీద తుపాకులు ఉన్నంత మాత్రాన రెండోది మొదటిది అయిపోదు. ప్లెయింటులో (దావా పత్రంలో) ఆ ఓడ అప్పుడు చేస్తున్న పని ఏమిటో, మనకు తెలిసినంతలో, స్పష్టంగా చెప్పాలి. "నౌకాదళం మా బోటును ధ్వంసం చేసింది" అని ఆవేశంగా రాస్తే సైనిక చర్య అనే వాదనకు మనమే తలుపు తీసినట్టవుతుంది.

నోటీసు సెక్షన్ 80 కింద ఇవ్వాలి, రక్షణ మంత్రిత్వ శాఖ కార్యదర్శికి. ఒక కాపీ విశాఖలోని తూర్పు నౌకాదళ కమాండ్‌కు పంపండి, కోస్ట్‌గార్డ్ అయితే అక్కడి వాళ్ల జిల్లా ప్రధాన కార్యాలయానికి. కాపీ పంపాం కదా అని అసలుది మానొద్దు. దావాదారు పేరు, వివరాలు, నివాసం, ఏం జరిగింది, ఎంత అడుగుతున్నాం, ఈ ఐదూ ఉండాలి. నోటీసు చేరిన తేదీ నుంచి రెండు నెలలు నిండాకే దావా, కాబట్టి చేరిన రుజువు భద్రం. నోటీసులో రాయని నష్టాన్ని దావాలో కొత్తగా చేర్చితే గొడవ. అందుకే వల, బోటు, ఇంజను, ఆగిన వేట, వైద్యం, అన్నీ తలా ఒక పద్దుగా నోటీసులోనే రాయండి.

కాలపరిమితి దగ్గరే ఎక్కువమంది మునుగుతారు. చరాస్తికి నష్టం అంటే సాధారణంగా మూడేళ్లు. అయితే చట్టం కింద చేసిన పనికి పరిహారం అడిగే దావాకు లిమిటేషన్ చట్టం 72వ ఆర్టికల్ ఏడాదే ఇచ్చింది. బోటును తనిఖీకి ఆపబోతూ గుద్దారనుకోండి, ప్రభుత్వ వకీలు ఆ ఏడాది గడువునే ఎత్తుతారు. మనిషి చనిపోతే 1855 ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం కింద వారసుల దావాకు రెండేళ్లు. నోటీసు రెండు నెలలు ఈ లెక్కలోంచి తీసేస్తారు. ఏది వర్తిస్తుందో తర్వాత వాదించుకోవచ్చు, దావా మాత్రం ఏడాదిలోపే పడాలి. "పైనుంచి సానుకూలంగా ఉన్నారు, చూద్దాం" అన్న ఉత్తరాల మీద ఆశపెట్టుకుని కూర్చుంటే గడువు ఆగదు.

హల్_సర్వే_బందరురోడ్డు:

చట్టం సంగతి పైన బాగా చెప్పారు. మూడేళ్లు నడిచే దావాకు ప్రాణం మొదటి మూడు రోజుల్లో సేకరించే రుజువులోనే ఉంటుంది, నేను దాని గురించి రాస్తాను.

మొదటి చిక్కు ఏ ఓడో చెప్పగలగడం. రాత్రిపూట బూడిదరంగు ఓడ కనిపించిందంటే సరిపోదు. ముందుభాగం పక్కన రాసిన అంకె, వెళ్లిన దిక్కు, సమయం కావాలి. యుద్ధనౌకలకు ఏఐఎస్ (ఓడ ఎక్కడుందో రేడియోలో తెలిపే పరికరం) వేసి ఉంచాలన్న నిర్బంధం లేదు, కాబట్టి ఫోన్లో ఓడల యాప్ చూసి "అక్కడ ఏ ఓడా లేదు" అని నిరాశపడొద్దు. మన వైపు రుజువులు ఇవి: బోటు జీపీఎస్ ప్లాటర్‌లో ట్రాక్, బోటుకు బిగించిన ట్రాన్స్‌పాండర్ రికార్డు, పక్క బోట్ల సరంగుల (బోటు నడిపేవాళ్ల) ట్రాక్‌లు. ప్లాటర్ మెమరీ నిండితే పాత ట్రాక్ చెరిగిపోయే మోడళ్లు చాలా ఉన్నాయి. ఒడ్డుకు రాగానే ట్రాక్ సేవ్ చేసి, తెరను అక్షాంశ రేఖాంశాలతో సహా ఫోటో తీసి, ఆ ప్లాటర్‌ను తర్వాతి వేటకు పంపకుండా తీసి పక్కన పెట్టండి. కొత్తది కొనే ఖర్చు కంటే ఆ ట్రాక్ విలువ ఎక్కువ.

ఘటన జరిగిన వెంటనే వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్‌లో పిలిచి, స్థానం, సమయం చెప్పాలి. ఆ ఓడ బదులివ్వకపోయినా విన్నవాళ్లు సాక్షులు. కోస్ట్‌గార్డ్ 1554, తీర పోలీసు 1093 నంబర్లకు చేసిన కాల్ కూడా సమయానికి రుజువే. ఒడ్డుకు చేరిన రోజే మెరైన్ పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు, మత్స్యశాఖ అధికారికి రాతపూర్వక సమాచారం, నోటరీ ముందు సరంగు వాంగ్మూలం. కలాసీల (బోటులో పనిచేసేవాళ్ల) వాంగ్మూలాలు విడివిడిగా, వాళ్ల సొంత మాటల్లో తీసుకోండి. అందరివీ ఒకే వాక్యాలతో ఉంటే క్రాస్ ఎగ్జామినేషన్‌లో అదే ఉరి.

బోటు ముందుభాగంలో అంటిన రంగు గీకి పారేయొద్దు. స్కేలు పక్కన పెట్టి ఫోటోలు తీయండి, పోలీసు పంచనామాలో ఆ రంగు గీతల పొడవు, వాటర్‌లైన్ నుంచి ఎత్తు రాయించండి. తెగిన తాడు చివర్లు కోసి సీలు వేసి దాచండి. పాత తాడు అరిగి తెగితే పోగులు ఒకలా ఉంటాయి, ప్రొపెల్లర్ కోస్తే వేరేలా ఉంటాయి. మరమ్మతు మొదలుపెట్టకముందే లైసెన్సున్న మెరైన్ సర్వేయర్‌తో చూపించి, ఆ తేదీన రమ్మని అవతలి పక్షానికి కూడా ఉత్తరం రాయండి. వాళ్లు రాకపోయినా పర్వాలేదు, పిలిచాం అన్న కాగితం ఉంటే చాలు.

ఇక దీపాలు. నేను చూసే ఫైళ్లలో బోటు యజమానిని ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. ఓడలు ఢీకొనకుండా పెట్టిన అంతర్జాతీయ నియమాల్లో (1972) 18వ నియమం ప్రకారం ఇంజనుతో నడిచే ఓడ, వేటలో ఉన్న బోటుకు దారివ్వాలి. యుద్ధనౌక అయినా సరే. అయితే వేటలో ఉన్నట్టు మనం చూపించాలి. 26వ నియమం ప్రకారం ట్రాల్ వల లాగుతుంటే పైన పచ్చ, కింద తెల్ల దీపం. వేరే వల అయితే పైన ఎర్ర, కింద తెల్ల. వల 150 మీటర్లకు మించి పక్కకు పరుచుకుంటే ఆ దిక్కుగా మరో తెల్ల దీపం. మన బోట్లలో డెక్ మీద ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు వేసేసరికి ఈ రంగు దీపాలు వాటి వెలుగులో కలిసిపోతాయి. అప్పుడు అవతలివాళ్లు "మాకు లంగరు వేసిన బోటులా కనిపించింది" అంటారు, కోర్టు నమ్మడానికీ ఆస్కారం ఉంది. తప్పు ఇద్దరిదీ అని తేలితే పరిహారం ఆ మేరకు తగ్గుతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆ ఓడ హెలికాప్టర్ దించుతూనో, నడుస్తూనే ఇంధనం ఎక్కించుకుంటూనో ఉండి, నిలువునా ఎర్ర-తెల్ల-ఎర్ర దీపాలు చూపిస్తుంటే, వీలైనంతవరకు మన బోటే తప్పుకోవాలి. మందుపాతరలు ఏరే ఓడ మూడు పచ్చ దీపాలు చూపిస్తుంది, దానికి 1000 మీటర్ల లోపలికి పోకూడదు. అందుకని సరంగును మొదట అడగాల్సిన ప్రశ్న "ఎంత దగ్గరకొచ్చింది" కాదు, "దాని మీద ఏ రంగు దీపాలు, ఏ వరుసలో చూశావు" అని.

గుంటూరు_ఖాతాలు:

ఇద్దరికీ ధన్యవాదాలు అన్నా. లెక్క సంగతి కూడా చెప్పండి. యజమానులు మామూలుగా కొత్త వల కొటేషన్ తెచ్చి, దానికి మూడు నెలల వేట ఆదాయం కలిపి ఒక పెద్ద అంకె రాసేస్తున్నారు. వాటాల మీద పనిచేసే కలాసీల సొమ్ము కూడా అందులోనే కలుపుతున్నారు.

హల్_సర్వే_బందరురోడ్డు:

ఆ పెద్ద అంకే క్లెయిమ్‌ను చంపుతుంది. ఒక్క పద్దు అబద్ధమని తేలితే మిగతావాటిని కూడా అనుమానంతోనే చూస్తారు.

వలకు కొన్న బిల్లు, కొన్న తేదీ, ఎన్ని సీజన్లు వాడారు, ఇవి తీసుకుని తరుగు తీసేయాలి. వల, తాళ్లు, బెండ్లు, గుండ్లు, ట్రాల్ బోర్డులు విడివిడిగా రాయండి. ఇనుము కట్టిన బోర్డు ఏళ్లు నిలుస్తుంది, వల తొందరగా పోతుంది. అన్నిటికీ ఒకటే తరుగు శాతం వేస్తే మీకే నష్టం. బిల్లులు లేకుండా నగదుకు కొన్నారంటే, వల కట్టినవాళ్ల రాత, అదే రకం వలకు ఆ నెల ధర తెలిపే రెండు వేర్వేరు కొటేషన్లు పెట్టాలి.

వేట ఆదాయానికి ఒక ఉదాహరణ, అంకెలు ఊహించినవే. ఒక వేటకు, ఒడ్డున ఉండే రోజుతో కలిపి, 8 రోజులు. అమ్మకం 1,80,000, డీజిలు, ఐసు, రేషన్ ఖర్చు 1,10,000. మిగిలింది 70,000. అందులో కలాసీల వాటా 40 శాతం అనుకుంటే 28,000, యజమానికి 42,000. మార్చి 20న దెబ్బ తగిలి, మరమ్మతుకు 40 రోజులు పట్టింది. అయినా 40 రోజులకూ అడగకూడదు, ఎందుకంటే తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మార్చి 20 నుంచి ఏప్రిల్ 14 వరకు 26 రోజులు, అంటే మూడు వేటలు. యజమాని అడగాల్సింది 1,26,000. కలాసీలు పోగొట్టుకున్నది 84,000. అది వాళ్ల సొమ్ము, వాళ్లు సహదావాదారులుగా ఉండి అడగాలి.

ఆదాయానికి రుజువు ఏమిటంటే, లీటరుకు 9 రూపాయల డీజిల్ సబ్సిడీ బంకు రికార్డు బలమైనది. అది ప్రభుత్వ రికార్డే, కాదనడం కష్టం. దానితో పాటు వేలం పాట చీటీలు, ఐసు ఫ్యాక్టరీ బిల్లులు, బ్యాంకు ఖాతా. కిందటి రెండేళ్ల అదే నెలల అంకెలు పెట్టండి. వేసవి రొయ్యల సీజన్ అంకెలు తెచ్చి తుఫాన్ల నెలకు అంటిస్తే చూడగానే తెలిసిపోతుంది.

బోటు ఏ దూరంలో ఉందన్నదీ చూసుకోండి. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల మెకనైజ్డ్ బోటు వేట చేయకూడదు. ట్రాక్ ఆ గీత లోపల ఉంటే, ఆ వేట ఆదాయమే చట్టబద్ధం కాదన్న వాదన వస్తుంది. బోటు మరమ్మతు ఖర్చు మాత్రం అప్పుడు కూడా అడగవచ్చు.

ఇన్సూరెన్సు ఉంటే ముందు వాళ్లకు తెలపాలి. వాళ్లు డబ్బు కడితే ఆ మేరకు దావా హక్కు వాళ్లకు పోతుంది. వాళ్లకు చెప్పకుండా మీరు ప్రభుత్వంతో "పూర్తి, చివరి పరిష్కారం" అని సంతకం పెడితే ఇన్సూరెన్సు సొమ్ము కూడా ఇరుక్కుంటుంది.

పటమట_ప్లెయింటు:

పైన వకీలు గారు చెప్పినదానికి ఒక చేర్పు. ఏ కోర్టు అన్నది అంత తేలిక కాదు. 2015 కమర్షియల్ కోర్టుల చట్టంలో వాణిజ్య వివాదాల నిర్వచనంలో అడ్మిరాల్టీ, సముద్ర న్యాయ విషయాలు కూడా ఉన్నాయి. ఒక పక్షం ప్రభుత్వం అయినంత మాత్రాన అది వాణిజ్య వివాదం కాకుండా పోదని అదే చట్టం చెప్తోంది. విలువ 3 లక్షలు, ఆపైన ఉంటే మామూలు సివిల్ కోర్టులో వేసిన ప్లెయింటు "ఇది ఇక్కడిది కాదు" అని వెనక్కి రావచ్చు. కమర్షియల్ కోర్టులు విజయవాడలోనూ విశాఖలోనూ ఉన్నాయి.

ఆ దారిలో వెళ్తే అత్యవసర ఉత్తర్వు అడగని దావాకు సెక్షన్ 12ఎ ప్రకారం ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి. 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఖాయం చేసింది, వెళ్లకుండా వేస్తే ప్లెయింటు తిరస్కరిస్తారు. న్యాయసేవల సంస్థలో అర్జీ పెట్టాలి. గడువు మూడు నెలలు, ఇద్దరూ ఒప్పుకుంటే మరో రెండు. ఈ కాలం కూడా లిమిటేషన్ లెక్కలోంచి పోతుంది. సెక్షన్ 80 గడువు నడుస్తుండగానే ఈ అర్జీ పెట్టేస్తే నెలలు కలిసొస్తాయి. నా మాటగా చెప్తున్నా, అవతల ప్రభుత్వం ఉన్నప్పుడు ఈ మధ్యవర్తిత్వాన్ని లాంఛనంగా చూడొద్దు. సర్వే రిపోర్టు, పద్దులవారీ లెక్క పూర్తిగా ఉన్న ఫైలు అయితే, పై అధికారి ముందు సంతకానికి పెట్టడానికి కింది అధికారికి ధైర్యం వస్తుంది. వాళ్లకు కావాల్సింది ఆడిట్ అడిగినప్పుడు చూపించుకునే ఆధారం.

ప్రాంతం విషయానికొస్తే, తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల అవతల జరిగితే "మీ కోర్టు పరిధిలో జరగలేదు" అంటారు. కమాండ్ ప్రధాన కార్యాలయం ఉన్న విశాఖలో వేస్తే ఆ గొడవ తక్కువ. దగ్గరని గుంటూరులోనో బాపట్లలోనో వేసి ఏడాది తర్వాత వెనక్కి తెచ్చుకోవడం కంటే అదే నయం.

రిట్ వెయ్యొచ్చా అని చాలామంది అడుగుతారు. ఓడ మాదే, గుద్దిన మాట నిజమే అని వాళ్లు ఒప్పుకుంటే హైకోర్టు పరిహారం ఇవ్వగలదు. తప్పు ఎవరిదన్న వివాదం ఉంటే సివిల్ కోర్టుకే పొమ్మంటుంది.

దళం లోపల జరిపే విచారణ నివేదిక ఆర్టీఐలో దొరుకుతుందని నమ్ముకోవద్దు, దేశ భద్రత పేరుతో సెక్షన్ 8(1)(ఎ) కింద నిరాకరిస్తారు. "ఫలానా తేదీ ఘటన మీద విచారణ జరిగిందా, ఎప్పుడు ముగిసింది" అని చిన్న ప్రశ్న అడగండి. "అవును, జరిగింది" అన్న ఒక్క జవాబు వచ్చినా, ఘటనే జరగలేదన్న వాదన అక్కడితో పోతుంది.

రేపల్లె_కాలువ:

ఓడ గుద్దడం కాకుండా ఫైరింగ్ ప్రాక్టీసు సమయంలో నష్టం జరిగితే దారి వేరు. 1949 సీవార్డ్ ఆర్టిలరీ ప్రాక్టీస్ చట్టం కింద నోటిఫై చేసిన ప్రాంతం అయితే నిర్లక్ష్యం రుజువు చెయ్యాల్సిన పని లేకుండా కలెక్టర్ ద్వారా పరిహారం అడగవచ్చు. నేల మీద ఫైరింగ్‌కు 1938 చట్టం. సూర్యలంక వైపు బోట్లవాళ్లు ముందు ఆ తేదీ నోటిఫికేషన్, మత్స్యశాఖ ఇచ్చిన హెచ్చరిక కాపీ సంపాదించాలి. హెచ్చరిక అందాక లోపలికి వెళ్తే ఏ చట్టమూ ఆదుకోదు.

బెజవాడ_సివిల్‌సైడు:

పటమట గారి సవరణ సరైనదే, నేను కమర్షియల్ కోర్టు మాట ఎత్తలేదు.

విదేశీ యుద్ధనౌక గురించి కూడా కాగితంలో నాలుగు ముక్కలు ఉండాలి. విదేశీ రాజ్యం మీద మన కోర్టులో దావాకు సెక్షన్ 86 ప్రకారం కేంద్రం అనుమతి కావాలి. యుద్ధనౌకకు అంతర్జాతీయ సముద్ర చట్టం రక్షణ ఇస్తుంది, అదే చట్టం 31వ అధికరణం ప్రాదేశిక జలాల్లో ఆ ఓడ తీరదేశపు చట్టాలు ఉల్లంఘించి చేసిన నష్టానికి జెండా రాజ్యానిదే (ఆ ఓడ ఏ దేశానిదో ఆ దేశానిదే) బాధ్యత అని కూడా అంటుంది. అమెరికా ఓడ అయితే వాళ్ల దేశంలోనే 1920, 1925 చట్టాల కింద దావాకు దారి ఉంది. గడువు రెండేళ్లు. వాళ్ల నేవీకి క్లెయిమ్ పెట్టి జవాబు కోసం ఎదురుచూస్తుంటే ఆ రెండేళ్లు ఆగవు. తమ పౌరులకు మన దేశంలోనూ అలాంటి హక్కు ఉందా అని వాళ్ల కోర్టు చూస్తుంది. మన 300వ అధికరణం అక్కడ పనికొస్తుంది.

కేరళ తీరంలో 2012 ఫిబ్రవరి 15న ఎన్రికా లెక్సీ ట్యాంకర్ మీదున్న ఇటలీ నావికాదళ సైనికులు సెయింట్ ఆంటోనీ బోటు మీద కాల్పులు జరిపితే ఇద్దరు జాలర్లు చనిపోయారు. 2020లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ పరిహారం ఇవ్వాలంది. ఇటలీ కట్టిన 10 కోట్లను 2021 జూన్‌లో సుప్రీంకోర్టు పంచింది: చనిపోయినవాళ్ల కుటుంబాలకు నాలుగేసి కోట్లు, బోటు యజమానికి రెండు కోట్లు. ఆ రోజు బోటులో ఉన్న మిగతా కలాసీలు తర్వాత తమ వాటా కోసం అదే కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. అందుకే, ఇందాక సర్వేయర్ గారు చెప్పిన కలాసీల పద్దు నోటీసు రాసే రోజునే వేరుగా ఉండాలి. ఎవరి పేరు, ఎవరికి ఎంత, ఎవరి ఖాతాకు, ఈ మూడూ రాసి అందరితో సంతకాలు పెట్టించండి. చదువు రానివాళ్లకు చదివి వినిపించి వేలిముద్ర తీసుకుని, వినిపించినవాళ్లు కూడా సంతకం చెయ్యాలి.